తాళం తిప్పే ముందు ఒక నిమిషం

రాత్రి పదకొండు దాటింది. బెజవాడ వన్ టౌన్ సామారంగం చౌక్ దగ్గర ఒక లారీ వెనక్కి వచ్చి కొట్టు అరుగుకు ఆనింది. హమాలీలు తాళ్లు విప్పుతున్నారు. డ్రైవరు హ్యాండ్‌బ్రేకు లాగి దిగాడు గానీ ఇంజను ఆపలేదు. "డీజిల్ దండగ కదా అన్నా, ఆపెయ్యొచ్చుగా?" అన్నాను. "టర్బో బండి సార్. ఓ నిమిషం నెమ్మదించనివ్వాలి" అన్నాడు. ఆ నిమిషంలో లోపల ఏం జరుగుతుందో చూడాలంటే నగరానికి తూర్పు కొసనున్న ఆటోనగర్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

ముందు ఇంజను ఆకలి సంగతి చూద్దాం. మన రోడ్ల మీద చాలాకాలం తిరిగిన టాటా 697 ఇంజను పేరులోనే సిలిండర్ల లెక్క, వాటి వ్యాసం ఉన్నాయి: ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్లు. పిస్టన్ నడక 128 మిల్లీమీటర్లు. మొత్తం 5,675 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే, ఎంత నిండుగా పీల్చినా 5,675 లీటర్ల గాలే. డీజిల్ ఎంతైనా పోయొచ్చు. దాన్ని మండించే గాలి లేకపోతే నల్లపొగ తప్ప బలం రాదు. పైగా బెజవాడలో మే నెల 45 డిగ్రీల ఎండకు గాలి పలచబడి, 15 డిగ్రీల చల్లని గాలితో పోలిస్తే పదో వంతు దాకా తగ్గుతుంది.

ఆ గాలి లోటు తీర్చే ఉపాయం ఇంజను పారేసే వేడిలోనే ఉంది. డీజిల్లోని శక్తిలో సుమారు మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. ఆ పొగతోనే కొలిమి తిత్తి ఊదించవచ్చన్న ఆలోచనకు స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు తీసుకున్నాడు.

ఆటోనగర్‌లో ఒక మేస్త్రి బల్ల మీద ఆ తిత్తి, అంటే టర్బో, విప్పి ఉంది. అటూ ఇటూ నత్తగుల్లల్లాంటి రెండు హౌసింగులు, మధ్యలో కోర్. పోత ఇనుముతో చేసినది పొగవైపు గుల్ల. మానిఫోల్డు నుంచి వచ్చే పొగ అందులో చుట్టు తిరుగుతూ, దారి సన్నబడే కొద్దీ వేగం పుంజుకుని టర్బైను చక్రం రెక్కలను తోస్తుంది. లోడు మీద ఆ పొగ 600 డిగ్రీలు దాటుతుంది, అందుకే ఆ చక్రాన్ని నికెల్ మిశ్రమలోహంతో చేస్తారు. దానికే వెల్డు చేసిన షాఫ్టు కోర్‌లోంచి దూరి అవతలికి వస్తుంది. అక్కడ అల్యూమినియం కంప్రెసరు చక్రం ఒక్క నట్టుతో బిగుస్తుంది. పొగ టర్బైను చక్రాన్ని తిప్పితే కంప్రెసరు చక్రం గాలిని ఒత్తుతుంది. రెండింటి మధ్య గేరు లేదు, బెల్టు లేదు.

ఆ షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు తిరగగలదు. 60 మిల్లీమీటర్ల చక్రం అంత వేగంలో ఉంటే రెక్క కొస సెకనుకు 314 మీటర్లు పోతుంది. ధ్వని వేగానికి కాస్త తక్కువ! ఆ షాఫ్టును బాల్ బేరింగుల మీద నిలబెట్టారనుకున్నాను. మేస్త్రి నా అరచేతిలో పెట్టినవి చిన్న కంచు బుష్‌లు, చుట్టూ చిల్లులతో. షాఫ్టుకూ బుష్‌కూ మధ్య ఒక నూనె పొర, బుష్‌కూ కోర్‌కూ మధ్య ఇంకో నూనె పొర. షాఫ్టు తిరుగుతుంటే బుష్ కూడా దానికన్నా నెమ్మదిగా తిరుగుతూ తేలుతుంది. నడుస్తున్నంతసేపూ లోహాన్ని లోహం తాకదు.

రిపేరు కిట్టు ఒక చిన్న పాలిథిన్ కవరులో పట్టేస్తుంది. బుష్‌లు, త్రస్ట్ బేరింగు, వెంట్రుకంత సందును కాసే రెండు సీలు రింగులు, ఓ రింగులు, సర్‌క్లిప్పులు. కొత్త టర్బో కొనలేని యజమానికి ఇదే ఆధారం. విప్పే ముందే మేస్త్రి నట్టు మీద, చక్రం మీద, షాఫ్టు కొస మీద ఒకే వరుసలో గీత గీసి ఉంచాడు. తిరిగి బిగించేటప్పుడు ఆ గీతలు కలవాలి, లేకపోతే చేసిన బ్యాలెన్సు పోతుంది. తర్వాత బ్యాలెన్సింగ్ మెషీను మీద తిప్పి, బరువు ఎక్కువున్న చోట రవ్వంత లోహం అరగదీశాడు. చివరికి డయల్ గేజీ పెట్టి షాఫ్టు ప్లే, అంటే అది ఎంత కదులుతుందో, కొలిచాడు.

టర్బో లేని పాత ఇంజనుకు దీన్ని కొత్తగా పెట్టడం మాత్రం బోల్టులు బిగించినంత తేలిక కాదు. షాఫ్టుకు నూనె పంపే గొట్టం సన్నగా ఉన్నా చాలు, ఒత్తిడి తోస్తుంది. తిరిగొచ్చే గొట్టం లావుగా, ఏటవాలుగా ఉండాలి. ఆ నూనె నురగ కట్టి, ఏ పంపూ లేకుండా తన బరువుతోనే కిందికి జారాలి మరి. ఒత్తిన గాలి నీళ్లు మరిగే వేడిని దాటిపోతుంది కాబట్టి దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలరు కావాలి. డీజిల్ పంపు మీద ఒక రబ్బరు డయాఫ్రమ్ ఉంటే, గాలి ఒత్తిడి పెరిగాకే డీజిల్ పెంచుతుంది. పిస్టన్లకు అడుగు నుంచి నూనె చిమ్మి చల్లబరిచే ఏర్పాటు ఉండాలి. ఆపైన, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడాగా మారేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది.

ఇప్పుడు సామారంగం చౌక్ నిమిషానికి వద్దాం. లోడుతో వచ్చిన బండిని వచ్చీరాగానే ఆపితే ఆయిల్ పంపూ ఆగుతుంది, షాఫ్టు మాత్రం ఇంకా తిరుగుతుంటుంది. ఎర్రగా కాగిన పొగగుల్ల వేడి కోర్‌లోకి పాకి, అక్కడ నిలిచిపోయిన నూనెను మాడ్చి బొగ్గు చేస్తుంది. మర్నాడు ఆ నలుసులే బుష్‌ను గీరతాయి. అదే ఐడ్లింగ్‌లో ఉంచితే పొగ చల్లబడుతుంది, చక్రాలు నెమ్మదిస్తాయి, పారే నూనె వేడిని మోసుకుపోతుంది.

నిన్న రాత్రి మళ్లీ ఒక లారీ వచ్చి అరుగుకు ఆనింది. హమాలీలు మొదటి బస్తా దించేదాకా ఇంజను మెల్లగా కొట్టుకుంటూనే ఉంది. ఈసారి నేను ఎందుకని అడగలేదు.