విరోధమా? విరోధాభాసమా?

తెలుగువాడు తమిళ నవల వ్రాసి బహుమానము పొందుట గొప్ప విరోధాభాసమని మన సభలలో వక్తలు సెలవిచ్చుచుందురు, కరతాళధ్వనులును చెలరేగును. ఆ మాట సరియైనదే. కాని దానిని పలుకువారు అర్థమెరిగి పలుకుచున్నారా యన్నది మా సందేహము.

విరోధాభాసమనగా విరోధము కాదు. విరోధమువలె తోచి, ఆలోచింపగా తొలగిపోవునది. కువలయానందమున దీనిని అలంకారముగా నిరూపించిన అప్పయ్య దీక్షితులు ఈ తమిళదేశమున అడయపాలమువారే. తమిళమున 'మురణ్' అను మాట రెండింటికిని చెల్లుటచే కాబోలు, మన యిండ్లలో వింతయైనదెల్ల, పొసగనిదెల్ల విరోధాభాసమే యైనది.

కోవిల్పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామవాసి, 2021లో పరమపదించిన కి. రాజనారాయణన్‌గారిని చూడుడు. పాఠశాల చదువు పూర్తిచేయనివారు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. వినినంతనే విరోధము. వారచట నెరపినది జానపద కథల పని యని తెలిసినంతనే అది విడిపోవును. ఆ విద్య అరుగులమీదను, చేలగట్లమీదను దొరకునది గదా!

వారి 'గోపల్ల గ్రామము' 1976లో వెలువడినది. దాని తరువాయియైన 'గోపల్లపురత్తు మక్కళ్' 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. తెలుగునేల విడిచి వచ్చి, కరిసల్ అని మనమందరము పిలుచు నల్లరేగడిలో అడవి కొట్టి ఊరు కట్టుకొన్నవారి కథ యది. నూటముప్పదియేడేండ్ల ముదుసలి నోట వలసవృత్తాంతము వినవచ్చును. మనవారి కథ తమిళమున నుండుటేమని తోచుట సహజము. చదివినవారికి ఆ శంక నిలువదు. అది పండితుల తమిళము కాదు, కరిసల్ పల్లెల తమిళము. ఆ మాటలకు వారే 1982లో నిఘంటువు కూర్చిరి. ఆ వాక్యముల నడకలో మన అవ్వలు కథ చెప్పు తీరు మాకు స్పష్టముగా వినబడినది. ఆ కథలో వలసవచ్చినవారెంతయో, వారిని నిలుపుకొన్న నేలయు అంతయే. ఆ నేలను వర్ణింపవలెనన్న ఆ నేల పలుకే కావలెను. విరోధమిట తొలగినది.

ఇక రెండవది. విరుదునగరులోను కోవిల్పట్టిలోను తెలుగిండ్ల పెండ్లిపత్రికలు తమిళమున అచ్చగుచున్నవి. తెలుగు మాటను తమిళ లిపిలో వ్రాసుకొనువారును కలరు. వేదికపై తెలుగే ప్రాణమని పలికినవారే ఇంట పిల్లలచేత అక్షరములు దిద్దింపరు. దీనికిని విరోధాభాసమనియే పేరు పెట్టి నవ్వుకొనుచున్నాము! ఎంత ఆలోచించినను ఇది తొలగుట లేదు. ఇది కేవల విరోధము. దోషమునకు అలంకారమని పేరిడుట మాకు సమ్మతము కాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత బడిలో తెలుగునకు చోటు ఇరుకైనదందురు, నిజమే. ఇంటిలోని పలకను ఆ చట్టము ముట్టలేదు. పిల్లలకు తీరికలేదందురు, ట్యూషన్లకు మాత్రము కలదు.

రాజనారాయణన్‌గారి గోపల్ల కథ తెలుగులోనికిని అనువాదమైనది. దానిని చేతికిచ్చినచో, తమిళ పుస్తకమున్న ఇప్పింపుడని అడుగువారే మనలో అధికులు.