గాడి పేరు మోసిన కట్ట

నెదర్లాండ్స్‌లోని వాల్ నదిలో, ఒడ్డు నుంచి నీళ్లలోకి చొచ్చుకొచ్చిన పొట్టి కట్టలు వరసగా ఉంటాయి. అవి ప్రవాహాన్ని నడుమకు నెట్టి ఒడ్డు కోసుకుపోకుండా కాపాడతాయి, పడవలకు లోతు నిలుపుతాయి. డచ్చివాళ్లు అలాంటి కట్టను ‘క్రిబ్’ అంటారు. పశువుల గాడినీ అదే మాటతో పిలుస్తారు.

గాడికీ కట్టకీ ఉన్న చుట్టరికం అల్లికలోనే ఉందని నా నమ్మకం. ఈ మాటకు దగ్గరి పాత జర్మన్ మాటకు బుట్ట అని అర్థం. నది కట్టలనూ మొదట అల్లే కట్టారు. 1421 వరదలో మునిగిన నేల మీద ఏర్పడిన బీస్‌బాస్ చిత్తడిలో ఆ అల్లిక కోసం విల్లో చెట్ల తోటలు పెంచేవారు. మొదలంటా నరికితే మోడు మళ్లీ చిగురిస్తుంది. కొన్నేళ్లకు మళ్లీ కోత. ఆ మండలను పొడవాటి మోపులుగా బిగించి, గళ్లుగా పేర్చి, తడిక అల్లినట్టు అల్లి పెద్ద చాప చేస్తారు. దాన్ని నీటి మీద తేల్చి లాక్కెళ్లి, పైన రాళ్లు పేరుస్తూ పోతే అడుగుకు దిగి ఇసుకను పట్టి ఉంచుతుంది. గాలి తగలదు కాబట్టి ఆ కర్ర దశాబ్దాల తరబడి చెడదు. ఈ పని చేసిన చేతులంటే నాకెంతో గౌరవం. ఇప్పుడు క్రిబ్‌లు పైకి రాతివే, పేరు మాత్రం మారలేదు.

1873లో యోహానిస్ ద రైకె అనే డచ్చివాడు ఈ విద్యను జపాన్‌కు తీసుకెళ్లాడు. ఆయనకు ఇంజనీరింగ్ పట్టా లేదు, కట్టల పనిలోనే చేయి తిరిగినవాడు. అక్కడ ముప్ఫై ఏళ్లు నదుల మీద పనిచేశాడు. ఒసాకా దగ్గర యోదో నదిలో ఆ కాలపు కట్టల మధ్య నీటి మడుగులు ఏర్పడ్డాయి. ఇతాసెన్‌పరా అనే అరుదైన చిన్న చేపకు అవే ఆశ్రయమయ్యాయి. కట్టినవాళ్లు ఊహించి ఉండని మేలు అది.

కిసో నదిలోని కట్టలను జపనీయులు నేటికీ ‘కెరెప్పు’ అంటారు. మనం బస్ చివర ఉకారం చేర్చి బస్సు చేసుకున్నట్టే, క్రిబ్‌ను వాళ్లు తమ నోటికి అనువుగా సాగదీసుకున్నారు. మరి చివర పకారం ఎక్కడిది? డచ్‌లో రాసేది బకారమే అయినా, మాట చివర పలికేది పకారం. కాగితం మీద చదివి నేర్చుకుని ఉంటే బకారమే నిలిచేది. డచ్చివాళ్ల పక్కన నిలబడి పనిచేసిన జపాన్ మనుషులు ఆ మాటను చెవితో పట్టుకున్నారని నేననుకోవడానికి ఆ ఒక్క అక్షరం చాలు.