‘యూస్టు’ అంటే అలవాటు కాదు

‘యూస్టు’ అంటే అలవాటు. నల్లగొండ, పాలమూరు దిక్కు ఇంగ్లిష్ క్లాసుల్లో ఈ ఒక్క ముక్క చెప్పి బోర్డు తుడిచేయడం చాలాకాలంగా చూస్తున్నాను. విన్న పిల్ల దాన్ని డిగ్రీ దాకా మోసుకెళ్లి, ఆఖరికి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి కూర్చుని ‘ఐ యూస్టు గెట్ అప్ ఎట్ ఫైవ్ డెయిలీ’ అంటుంది. రోజూ అయిదింటికే లేస్తానని ఆమె ఉద్దేశం. అవతలివాళ్లకు వినిపించేది వేరు: ఒకప్పుడు లేచేదట, ఇప్పుడు మానేసిందట! ‘ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్’ అంటే సరిపోయేది. కావాలంటే మధ్యలో ఒక ‘యూజువల్లీ’.

అందుకే నేను అలవాటు అన్న మాటను కాసేపు పక్కన పెట్టి, పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటతో మొదలుపెడతాను. మీ నాయిన అప్పట్ల ఏం చేస్తుండె అని అడిగితే, పాలమూరు క్లాసులో ‘ఏటా బొంబయి పోతుండె సార్’ అని ఎవరో ఒకరు చెబుతారు. నారాయణపేట, కోస్గి దిక్కు ఈ జవాబుకు ఎవరూ తల తిప్పి చూడరు. ఆ ‘పోతుండె’ ఉందే, అదే ‘యూస్టు గో’. కోస్తావాళ్ల ‘వెళ్లేవాడు’ కూడా అదే.

చిక్కల్లా ఆ ‘తుం’ దగ్గర. అది చెవిన పడగానే ఐఎన్‌జీ తగిలించాలనిపిస్తుంది. ‘మై ఫాదర్ వాజ్ గోయింగ్ టు బాంబే’ అని రాస్తారు. అది చదివినవాళ్లు, అయితే దారిలో ఏమైంది, బస్సు ఆగిపోయిందా అని ఎదురుచూస్తారు.

ఇప్పుడు అలవాటును వెనక్కి పిలవొచ్చు. ‘ఎండకు అలవాటు పడ్డ’ అంటాం కదా, ఆ ‘కు’నే ఇంగ్లిష్‌లో ‘టు’. ‘ఐ గాట్ యూస్టు ద హీట్.’ పడడం అయిపోయి, ఇప్పుడు ఇబ్బంది లేదంటే ‘ఐయామ్ యూస్టు ద హీట్’. మరి ఆర్టీసీ బస్సులో నిలబడడానికి అలవాటు పడితే? నిలబడడం అనే పనికి ‘కి’ చేరింది కాబట్టి ‘ఐయామ్ యూస్టు స్టాండింగ్’. ఇక్కడే చాలామంది జారతారు. ‘నిలబడడానికి వచ్చిండు’ అన్నప్పుడు కూడా మన మాట అదే రూపంలో ఉంటుంది, అక్కడేమో ‘టు స్టాండ్’ రావాలి. టు తర్వాత వీ-వన్ అని బట్టీ పట్టించిన సూత్రం ఒకటి ఉండనే ఉంది. అనుమానం వస్తే ఆ చోట ఎండను పెట్టి చూడమంటాను. ‘ఐయామ్ యూస్టు ద హీట్’ నిలుస్తుంది, కనుక స్టాండింగ్. ‘మై ఫాదర్ యూస్టు ద హీట్’ నిలవదు, కనుక ఉత్త ‘గో’.

మూడోది అసలు అలవాటే కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో ఒక పద్ధతి రూపొందించింది: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చడం. లోకమంతా దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. జిల్లా పేరు పాఠ్యపుస్తకాలకెక్కడానికి అంత బాధ పడాల్సి వచ్చింది, అది వేరే కథ. వ్యాకరణానికి మాత్రం మంచి వాక్యం దొరికింది: ‘ఆలమ్ ఈజ్ యూజ్‌డ్ టు రిమూవ్ ఫ్లోరైడ్’. ఇది వాడడం. దీన్ని పలికేటప్పుడు నోట్లో ‘జ’ ఉంటుంది, అలవాటు చెప్పే ‘యూస్టు’లో ‘స’ ఉంటుంది. రాతలో రెండూ ఒకటే కాబట్టి కళ్లకు దొరకని తేడా చెవికి దొరుకుతుంది. అయినా ఈ పాఠాన్ని గట్టిగా పలికించి చెప్పే క్లాసులు తక్కువ.

‘పోతుండె’కు ‘వుడ్ గో’ కూడా నడుస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే, ఏ కాలం సంగతో ముందే తెలిసి ఉంటే. కానీ పనికి నడిచే ‘వుడ్’ స్థితికి నడవదు. 2016 అక్టోబర్ 11కు ముందు సూర్యాపేట నల్లగొండ జిల్లాలో ఉండేది. ‘సూర్యాపేట యూస్టు బీ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్’ అనాలి, ‘వుడ్ బీ’ అనకూడదు. పాలమూరు క్లాసులో ఇదే వాక్యాన్ని వనపర్తితో, గద్వాలతో, నాగర్‌కర్నూల్‌తో రాయిస్తాను. నారాయణపేట కూడా చేర్చితే, అది వేరుపడింది 2019లో కదా సార్ అని వెనక బెంచీ నుంచి దిద్దుబాటు వస్తుంది.