ఆనకట్ట ఎత్తు - ప్రజల మాట

బోనకల్లు ప్రాంతపు పొలములకు నాగార్జునసాగరము ఎడమ కాలువ నీరు ఆధారము. ఆ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. భూమి కోల్పోవువాడు తన భూమినిగూర్చి ఆక్షేపణ తెలుపుటకు నాడు వీలుండెనేగాని, ప్రణాళిక మంచిచెడ్డలనుగూర్చి ప్రజలను సమావేశపరచి వినవలెనను నియమము లేదు. పర్యావరణ అనుమతులపై 1994లో వెలువడిన ప్రకటనను 1997లో సవరించుటతో బహిరంగ విచారణ తప్పనిసరియైనది. అది ఎట్లు అమలైనదో తెలియుటకు గోదావరిపై నిర్మింపబడుచున్న పోలవరమే తగిన ఉదాహరణము.

జలవిద్యుత్తు రెండు అంశములపై ఆధారపడును: నీటి పరిమాణము, అది పడు ఎత్తు. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు ఒక మీటరు ఎత్తునుండి పడినచో సుమారు 9.8 కిలోవాట్ల శక్తి కలుగును. ఎత్తు రెట్టింపైన శక్తియు రెట్టింపగును. కాని వాలు తక్కువగానున్న నదిలో నీటిమట్టము ఒక మీటరు పెరిగిన, ఎగువన నీరు చాల దూరము వ్యాపించును. పోలవరము పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. అచట తలపెట్టిన విద్యుదుత్పత్తి 960 మెగావాట్లు. కావున ఎత్తును నిర్ణయించుట ఇంజనీరు లెక్క మాత్రమే కాదు. ఎవరి ఇల్లు మునుగునో నిర్ణయించుటయు నదియే.

2005 అక్టోబరు 10వ తేదీన ఖమ్మము, కృష్ణా, ఉభయ గోదావరులు, విశాఖపట్టణము జిల్లాలలో విచారణలు జరిగినవి. అక్టోబరు 25న అనుమతి లభించినది. ఐదు జిల్లాల ప్రజల మాటలను పరిశీలించి తూచుటకు పదునైదు దినములు చాలునా?

ఇందు రెండు లోపములు స్పష్టముగా కనబడుచున్నవి. మొదటిది, ముంపు ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములలోనికిని ప్రాకునని తెలిసియు అచట విచారణ జరుగలేదు. ఈ కారణముననే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ 2007 డిసెంబరులో అనుమతిని కొట్టివేసినది. హైకోర్టు ఆ ఉత్తరువును నిలుపుదల చేయుటతో పని సాగినది. రెండవది, మొదట 36 లక్షల క్యూసెక్కుల వరదకు వేసిన లెక్కను అనుమతి వచ్చిన పిమ్మట 50 లక్షలకు పెంచిరి. ఆనకట్ట భద్రతకు అది మేలే. కాని వరద అంచనా మారినప్పుడు ఎగువకు ఎగదన్ను నీటి లెక్కయు మారును. ప్రజలు విన్నది పాత లెక్క. కట్టబడుచున్నది కొత్త లెక్కపై.

“ఇట్టి సాంకేతిక విషయములలో పల్లెవారు చెప్పగలిగినదేమి?” అని కొందరందురు. చెప్పగలిగినది చాల కలదు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగినది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. ఆ దినములలో నీరు ఏ వాగుగుండ ముందు వచ్చినదో, ఏ గడపవరకు నిలిచినదో అచటివారికి గుర్తుండును. కాగితముపై గీసిన ముంపు రేఖను సరిచూచుటకు అంతకుమించిన ఆధారమేది? అయితే ఆ రేఖను వారికి అర్థమగునట్లు చూపవలెను. మన్యములో కోయభాష మాటలాడువారికి తెలుగు సంగ్రహము చేతికిచ్చినంతమాత్రమున విధి తీరదు.

విచారణవలన ఆలస్యమగునను వాదము కొట్టివేయదగినది కాదు. నీటికై ఎదురుచూచు రైతులును ప్రజలే. వారి మాటయు వినవలసినదే. కాని వినక చేసిన పని వ్యాజ్యములలో చిక్కి మరింత ఆలస్యమగుచున్నది. ముఖ్యమైన అంకె మారినప్పుడెల్ల మరల విచారణ జరుగవలెను. లేవనెత్తిన ప్రతి ప్రశ్నకును లిఖితపూర్వకముగా సమాధానమీయవలెను.

పాఠశాలలో సమోన్నతరేఖల పటముపై 150 అడుగుల రేఖను విద్యార్థులచే గీయింపవచ్చును. ఆ రేఖకు దిగువనున్న ఊళ్ల పేర్లు చదివిన బాలునకు, కాలువలో పారు నీటికి వేరొకచోట ఎవరో మూల్యము చెల్లించుచున్నారని తెలియును. ఆ తెలివియే ప్రజాభిప్రాయమునకు పునాది.