పెట్టె ఎవరి మాట వినాలి?

హార్మోనియం కొనడానికి వెళ్తున్న మిత్రుడికి తోడుగా పోయిన వారం నేనూ కొట్టుకి వెళ్లాను. కొట్టతను మాటమాటకీ "పూర్తిగా చేత్తో చేసిందండీ" అంటున్నాడు. ఆ మాట వింటే చాలు, నా చెయ్యి జేబులోకి పోతుందని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఈసారి మాత్రం చిరాకేసింది. రీడ్లు ఎవరి గొంతుకు శ్రుతి చేశారని అడిగితే, "మిషన్‌లో చూశామండీ, కరెక్టే" అన్నాడు.

పెట్టెలతో నాకు పాత గొడవే ఉంది. మెట్ల మీద గమకం పలకదు. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. ఆ కోపంలో న్యాయముందనే ఇక్కడ చాలాసార్లు వాదించాను. కానీ పద్యనాటకం చూసేటప్పుడు ఆ వాదన నిలవదు. పద్యం చివర నటుడి ఊపిరి అయిపోతుంది. హార్మోనిస్టు ఆ స్వరాన్ని అందుకుని, తిత్తి ఆపకుండా పట్టి ఉంచుతాడు. ఈలోగా నటుడు గుటక మింగి మళ్లీ ఎత్తుకుంటాడు. జనం వన్స్‌మోర్ కొట్టేది ఇద్దరికీ.

అమెరికాలో లూసియానాలోని కేజన్లనే జనం వాయించే అకార్డియన్ పెట్టెది ఇంకా మొండి స్వభావం. ఉన్నవి పది బటన్లు. ఒకే బటన్ తిత్తి మూస్తే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం పలుకుతుంది. జర్మనీ పెట్టెల రాక రెండో ప్రపంచ యుద్ధంతో ఆగిపోయాక, లేక్ చార్లెస్‌లో సిడ్నీ బ్రౌన్ సొంతంగా చెయ్యడం మొదలుపెట్టాడు. యూనిస్‌లో మార్క్ సావొయ్ 1966లో కొట్టు తెరిచాడు. శనివారం పొద్దున అక్కడ ఫిడేళ్లు, గిటార్లు, పెట్టెలు పట్టుకుని ఊరివాళ్లు చేరతారు. పెట్టెకున్నది ఒకే శ్రుతి కాబట్టి ఫిడేలువాళ్లు చాలామంది తీగలు ఒక మెట్టు దించుకుంటారు.

పెట్టె పెత్తనమే కదా అనుకుంటాం. కానీ పెట్టె చేసేవాళ్లూ తమ వంతు తగ్గుతారు. రీడు నాలుక కింద సన్నటి రేకు దూర్చి, మొదలు దగ్గర గీకితే శ్రుతి దిగుతుంది, కొస దగ్గర గీకితే ఎక్కుతుంది. అలా గాంధారాన్ని మిషన్ చెప్పినదానికంటే కాస్త దించుతారు. అప్పుడే అది ఫిడేలు పక్కన తియ్యగా కూర్చుంటుంది. రీడ్లు చాలావరకు ఇటలీ నుంచి తెప్పించినవే. ఆ గీకడంలోనే ఉంది పనితనమంతా.

మన హార్మోనియానికి ఆ వెసులుబాటు లేదు. ఒక్కో నటుడిది ఒక్కో శ్రుతి. ఒకరికి సర్దితే ఇంకొకరికి చెడుతుంది. అందరికీ పనికిరావాలంటే మిషన్ చెప్పిందే న్యాయం. ఆ లెక్కన కొట్టతని జవాబు తప్పు కాదు.

మా మిత్రుడు నటుడు కాడు. ఒకటిన్నర శ్రుతి దాటి పాడడు, పక్కన వాయించేది ఎప్పుడూ ఒకే ఫిడేలు. ఆ శ్రుతికి గాంధారం గీకించుకోమన్నాను. రేపు అమ్మబోతే సగం ధర కూడా రాదన్నాడు. రాకపోయినా గీకించుకోమనే నా సలహా. పెట్టె ఫ్యాక్టరీదైనా సరే.