గుత్తి సమాధుల మీద ఏటవాలు ఎండ

సర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మరునాడు గుత్తి కోట కొండ కింద పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకుపోయారు. దత్తమండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసి, జనం తమ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా దగ్గరైనవాడు కదా, గుత్తిలో దొరల సమాధులు చూడబోయినవాళ్లు ఆయన చోటే అడుగుతారు. కెమెరా పట్టుకెళ్లినవాళ్లకు మాత్రం ఎవరూ అడగని రాళ్ల దగ్గరే చేతినిండా పని.

ఆ పనంతా ఎండను కాచుకోవడమే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమ ఇది, ఎండకేం కొదవ లేదు. అది ఏ వైపు నుంచి పడుతోందన్నదే లెక్క. నేల మీద పరిచిన పలకకు తొలిపొద్దు బాగుంటుంది. తూర్పు మొగంగా నిలబెట్టిన రాయికి అదే తొలిపొద్దు చేటు: వెలుగు ఎదురుగా కొట్టి అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. పొద్దు నడినెత్తికి వచ్చేవేళ ఎండ రాతిని రాసుకుంటూ దిగుతుంది. అప్పుడు చూడాలి! లోపలికి పోనుపోను సన్నబడేలా ఉలితో కొట్టిన గంటులో ఒక గోడ మెరుస్తుంది, రెండోది నల్లబడుతుంది. అంతసేపూ గీతలా ఉన్నది అక్షరమై లేస్తుంది. కాసేపటికే నీడ కమ్మేస్తుంది, ఆ లోపే తీయాలి. ఉత్తరం మొగం రాళ్ల మీదికి మధ్యాహ్నపు ఎండ వచ్చేది మే మొదలు ఆగస్టు తొలి పక్షం దాకానే. మిగతా కాలంలో ఒకరు దూరంగా నిలువుటద్దం పట్టుకుని ఎండను మళ్లించాలి.

సీసం పోసిన అక్షరాలది మరో తంతు. సీసం ఊడిపోతే దాన్ని పట్టి ఉంచిన సన్నటి బెజ్జాలే మిగులుతాయి. వాటి వరస బట్టి ఏ అక్షరమో పోల్చుకోవాలి. చదవడం రాక సుద్దముక్క రుద్దేవాళ్లనూ, ఇనుప బ్రష్షుతో గోకేవాళ్లనూ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మెత్తటి బ్రష్షు, మంచినీళ్లు చాలు.

సున్నం కొట్టిన గోరీలు కెమెరాను బోల్తా కొట్టిస్తాయి. అంత తెలుపును చూసి అది వెలుగు తగ్గించేస్తుంది, తెలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకని ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచుతారు.

మద్రాసు రాజధాని సమాధుల మీది రాతలను జె.జె. కాటన్ 1905లో పుస్తకంగా అచ్చువేయించాడు. రాత దొరికింది సరే, రాయి ఎటు చూస్తోందో, పక్కన ఏముందో ఫోటోయే చెప్పాలి. మంచి చేయి గలవాళ్లు అందుకే దగ్గరి ఫోటోతో ఆగరు. వెనక్కి నడిచి కొండతో సహా వరసంతా ఒకటి తీస్తారు, రాయి వీపు ఒకటి. ఆఖరున కూర్చుని, అడుగున గడ్డి తప్పించి మరొకటి. రాయి చెక్కినవాళ్లు తమ పేరు వేసుకుంటే వేసుకునేది అక్కడే.