తొట్టిలో బ్రతికిన చేప ఏటికి దక్కునా?

అరుదైన ఉష్ణమండలపు చేపలను గాజుతొట్టెలలో పెంచువారి నోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. ఏటిలో నశించినను తొట్టిలో ఉన్నది గనుక జాతికి భయము లేదని వారందురు. చేపలను అమ్ము వర్తకులు ఇదే మాటను మరికొంత పెద్ద గొంతుతో చెప్పుదురు. ఈ వాదములో నిజమెంతయో, పొల్లెంతయో చెరిగి చూడవలసియున్నది.

మొదట పెంపకందార్లకు చెందవలసిన మెప్పును వారికీయవలెను. అరుదైన చేపచేత గ్రుడ్లు పెట్టించుట తేలిక పని కాదు. నియాన్ టెట్రా అను చిన్న చేప గ్రుడ్లు సున్నము ఎక్కువగానున్న కఠినజలములో సరిగా ఎదుగవు. వెలుతురును గూడ ఓర్వవు. నీటి మెత్తదనము, ఆమ్లగుణము, వెచ్చదనము, పిల్లలకు వేయు సూక్ష్మజీవుల మేత, వీనిలో ఏ యొక్కటి తప్పినను పడిన శ్రమ వ్యర్థమే. ఈ రహస్యములలో పెక్కింటిని ఓపికతో కనుగొన్నవారు ఇండ్లలో చేపలను పెంచుకొనినవారే. అయితే గ్రుడ్లు పెట్టించుట ఒక విద్య, జాతిని కాపాడుట మరియొక విద్య. మొదటిది వచ్చినంత మాత్రమున రెండవది వచ్చినట్లు కాదు.

ఇందుకు థాయిలాండునకు చెందిన ఎఱ్ఱతోక నల్లసొర మంచి నిదర్శనము. ఇది పేరునకే సొర గాని, శీలావతి, బొచ్చె చేపలవలె కార్పు కుటుంబములోనిది. 1931లో శాస్త్రజ్ఞులు దీనిని వర్ణించిరి. దీని పుట్టినిల్లు చావో ఫ్రయా నదీప్రాంతము. ఆనకట్టలు లేచి, చిత్తడి నేలలు ఎండి, ఈ చేప అక్కడ కనుమరుగయ్యెను. 1996లో ప్రకృతిలో అంతరించినదనియే లెక్కించిరి. 2011లో మరల కనబడినను నేటికిని అది తీవ్రమైన అపాయములోనున్న జాతియే. ఇంతలో, అదే దేశపు చేపల క్షేత్రములలో హార్మోను సూదులతో ఈ జాతి పిల్లలను విరివిగా ఉత్పత్తిచేసి ప్రపంచమంతటికి ఎగుమతి చేయుచున్నారు. తొట్టెలలో సమృద్ధి, ఏటిలో శూన్యము! తొట్టి చేప తొట్టికే పోవుచున్నంత కాలము ఏటికి ఒరిగినదేమియు లేదు.

మెక్సికో దేశపు తెకీలా చేప కథ ఇందుకు భిన్నమైనది. తెయుచిత్లాన్ నదిలో నుండి మాయమైన ఈ చిన్న చేప పెంపకందార్ల తొట్టెలలో మిగిలినది. 1998లో ఇంగ్లండులోని చెస్టర్ జంతుప్రదర్శనశాలనుండి ఐదు జతలను మెక్సికోలోని మిచొవాకాన్ విశ్వవిద్యాలయమునకు చేర్చిరి. అచ్చటివారు వానిని వృద్ధిచేసి, 2012లో 40 మగ, 40 ఆడ చేపలను పెద్ద కుంటలలో వదలిరి. నాలుగేండ్లలో అవి సుమారు 10,000 అయ్యెను. ఆ కుంటలలో పక్షులు, తాబేళ్ళు, పరాన్నజీవులు ఉండెను. మేత ఒకనాడు దొరకును, ఒకనాడు దొరకదు. తొట్టిలో సుఖమెరిగిన చేపకు కష్టమును నేర్పిన బడి అది. అటుపిమ్మట 1,500కు పైగా చేపలను నదిలో విడిచిరి. అవి అచ్చట పిల్లలను పెట్టి వృద్ధినందినవి. నది ఒడ్డున నివసించు ప్రజలను, బడిపిల్లలను గూడ ఈ పనిలో చేర్చుకొనిరి.

కనుక తొట్టి పెంపకము వ్యర్థమను వాదము తప్పు. అదియే చాలునను వాదము అంతకంటె తప్పు. రెండు కథలకును గల భేదము దేశములది కాదు, ఉద్దేశ్యములది. మెక్సికోలో తొట్టి మజిలీ, నది గమ్యము. థాయిలాండు చేపకు తొట్టియే గమ్యమైనది.

పెంపకందార్లు సాధారణముగా మరచు లెక్క ఇంకొకటి కలదు. ఐదు మగ, ఐదు ఆడ చేపలతో వంశమును నడపుచు, ప్రతి తరమునను పదింటినే మిగుల్చుచున్నచో, తరమునకు సుమారు 5 శాతము చొప్పున జన్యువైవిధ్యము నశించును. పది తరములు గడచుసరికి అది సుమారు 40 శాతమగును. ఆ పదింటిలో మగది ఒకటే అయినచో నష్టము తరమునకు 14 శాతమునకు ఎగబ్రాకును. ఐదు జతలతో మొదలైన తెకీలా చేపకు గూడ ఈ చిక్కు తప్పలేదు. సంఖ్యను త్వరగా వేలకు పెంచుటచేతనే తరువాతి నష్టము మందగించును. అందమైన ఒక జతను ఎన్నుకొని దాని సంతతినే పంచిపెట్టుట వర్తకమునకు మేలు కావచ్చును. జాతికి అది కీడు.

ఈ లెక్కను భారతదేశపు చేపకు అన్వయించిన విషయము మరింత స్పష్టమగును. పడమటి కనుమల ఏరులలో తిరుగు చెంకణియాన్ చేపకు అంగడిలో మిస్ కేరళ అని పేరు. వెండి మేను, ముట్టెనుండి తోకవరకు నల్లని చార, దానిపై నెత్తుటి రంగు గీత. దీనిని 1865లో ఫ్రాన్సిస్ డే వర్ణించి, అప్పటి మద్రాసు గవర్నరు డెనిసన్ పేరు పెట్టెను. 2005–2012 మధ్య ఈ చేపయు, దీని సోదరజాతియు కలిసి 3 లక్షలకు పైగా భారతదేశమునుండి ఎగుమతియైనవి. కేరళ ప్రభుత్వము 2008లో పట్టుటకు ఆంక్షలు విధించినది. కాని నిషేధపు నెలలు ప్రధానముగా వానకాలమునకు చెందినవి. చేప గ్రుడ్లు పెట్టునది వానలు వెనుకబట్టిన పిమ్మట. చేప జీవితమును చదువకముందే చట్టము వ్రాసినచో ఫలితమిట్లే యుండును.

నేడు ఈ చేపచేత హార్మోను ప్రయోగముతో గ్రుడ్లు పెట్టించుచున్నారు. ఏటిపై ఒత్తిడి తగ్గించుటకు ఇది మంచి మార్గమే. అయితే 2013లో జరిగిన పరిశోధనలో, పైకి ఒక్కటిగా కనబడు ఈ చేపలలో వేర్వేరు నదులవి జన్యువుల దృష్ట్యా వేర్వేరు వంశములని తేలినది. ఏ ఏటిదో వ్రాసియుంచక తల్లిదండ్రులను కలిపినచో పుట్టునది ఏ ఏటికిని చెందని సంకరము. తొట్టికి అది అలంకారమే గాని, చాలియార్ ఏటిలోనో, వళపట్టణం ఏటిలోనో విడువదగినది కాదు.

ఏటి చేపను పట్టుట ఎల్లచోటుల పాపమనియు అనరాదు. బ్రెజిల్‌లో రియో నీగ్రో తీరమున బార్సెలోస్ ప్రాంతపు బెస్తలకు కార్డినల్ టెట్రా జీవనాధారము. ఆ చేప బ్రతుకు అడవిని ముంచు వరదనీటితో ముడిపడియున్నది. అందుచే చేపవలన బ్రతుకువారికి అడవి నిలుచుట లాభము. విదేశములలో పెంపకము పెరిగినకొలది వారి చేపకు గిరాకి తగ్గును. అట్టిచోట పెంపకమే అడవికి చేటుగా పరిణమింపవచ్చును.

కావున అరుదైన చేపను పెంచి, తాను జాతిని కాపాడితినని చెప్పుకొనువానిని మూడు ప్రశ్నలడుగవలెను. ఈ చేప ఏ ఏటిది? దీని వెనుక ఎన్ని జతలు ఉన్నవి? తిరిగి పోవుటకు ఆ యేరు బ్రతికియున్నదా? మొదటి రెండింటికి జవాబు పెంపకందారు పుస్తకములో దొరకవలెను. ఒక పలక, ఒక పెన్సిలు ఉన్నను చాలును. మూడవదానికి జవాబు తొట్టిలో లేదు. అది ఏటి ఒడ్డున, ఆనకట్టల కార్యాలయములలో, అడవుల యంచున వెదకవలసినది. ఆ జవాబు లేనినాడు గాజుతొట్టి ఒక జాతికి ఆశ్రయము కాదు, జ్ఞాపకచిహ్నము మాత్రమే.